నిలకడ లేనివాళ్ళతో స్నేహమా?

ఒకే ఇంట్లో ఏళ్ళ తరబడి ఉండేవాళ్ళను చూసి జాలిపడాలండీ! పక్కింటివాళ్ళ పేర్లు గుర్తుపెట్టుకోవాలి, కుండీలకు నీళ్ళు పోయాలి, గోడకు మేకు కొట్టాలి. ఇంత చాకిరీ ఎవరికి కావాలి?

హంసికను చూడండి. నాన్న రఘువీర్ కాంట్రాక్ట్ ఇంజినీరు. ప్రాజెక్టు ఎక్కడుంటే ఇల్లు అక్కడే. ఫ్రీమాంట్ అయింది, జెర్సీ సిటీ అయింది, ఇప్పుడు సౌత్ కరోలినా. విప్పని అట్టపెట్టెలే వాళ్ళకు టీవీ స్టాండు, దసరాకు బొమ్మల కొలువు మెట్లూ అవే. అమ్మ రేణు ఒళ్ళో కూర్చుని పోపులపెట్టె ఎన్ని రాష్ట్రాలు తిరిగిందో! ఇక చదువంటారా, అమెరికా అంతర్యుద్ధం పాఠం ప్రతి స్కూల్లోనూ సగమే విన్నది. ఎవరు గెలిచారో తెలియదు. ఎంత ఉత్కంఠ!

ఇంత అదృష్టవంతురాలికి స్నేహితురాలు మాత్రం లేదు. పెదవి విప్పాలంటేనే సిగ్గు. తొమ్మిదో తరగతిలో కేథలీన్ వచ్చి పక్కన కూర్చుని, ఇద్దరి వంతూ తనే మాట్లాడేసింది.

కేథలీన్ వాళ్ళు ఐరిష్ ట్రావెలర్స్. తాతముత్తాతలు ఐర్లండ్ పల్లెల్లో గిన్నెలకు మాట్లు వేస్తూ బండ్ల మీద ఊరూరా తిరిగినవాళ్ళు. వీళ్ళు కార్ల వెనక ట్రైలర్ ఇళ్ళు తగిలించుకుని, వాకిళ్ళకు తారు, షెడ్లకు రంగు వేస్తూ తిరుగుతారు. వేసవిలో బంధుబలగమంతా కలిసి కదులుతుంది. చలికాలానికి అందరూ మళ్ళీ ఇదే ఊరు చేరతారు. పెళ్ళిళ్ళూ అప్పుడే.

ఈ సంగతి రేణు చెవిన పడింది.

"ఆ ట్రైలర్లవాళ్ళతో నీకెందుకే? ఇవాళ ఇక్కడుంటారు, రేపెక్కడో. నిలకడా పాడా?" అంది.

ఫోన్‌లో రేణు స్నేహితురాలు శశికళ ఆంటీ కూడా ముమ్మాటికీ నిజమంది. ఆవిడ కొత్త ఊరికి మారి అప్పటికి వారమైంది.

మే నెలలో ట్రైలర్ ఎక్కబోతూ కేథలీన్ మాట తీసుకుంది. "జనవరిలో అక్క పెళ్ళి. నువ్వు నా పక్కనే నిలబడాలి. కార్డు మీ ఇంటికే తెస్తాం."

హంసిక తలూపింది. పచ్చ పట్టుపరికిణీ కోసం ఒక అట్టపెట్టె విప్పింది కూడా. ఆ ఇంట్లో అదొక చరిత్ర!

అక్టోబరులో ప్రాజెక్టు అయిపోయింది. ఈసారి చక్కగా వాషింగ్టన్ రాష్ట్రంలోని బాతెల్! దేశానికి ఆ చివరి నుంచి ఈ చివరికి. పరికిణీ మళ్ళీ పెట్టెలోకి. ఇచ్చిన మాట తప్పుతున్నానని ఫోన్ చేసి చెప్పడానికి హంసికకు ధైర్యం చాల్లేదు.

జనవరిలో రేణు సెల్ మోగితే హంసిక ఎత్తింది. కేథలీన్! కార్డు పట్టుకుని వాళ్ళమ్మతో వెళ్ళి అపార్ట్‌మెంట్ తలుపు తట్టిందట. ఎవరో కొత్తవాళ్ళు తీశారట. ఊరు మారిన సంగతి హంసిక చెప్పింది.

"అమ్మ ముందే చెప్పింది," అంది కేథలీన్ మెల్లగా. "మీవాళ్ళతో స్నేహం పెట్టుకోకు, ఒకచోట నిలవరు అని."

ఫోన్ పెట్టేశాక రేణు వంటింట్లోంచి అడిగింది. "ఆ ట్రైలర్ల పిల్లేనా? ఇప్పుడు ఏ ఊళ్ళో తిరుగుతున్నారట?"

"ఎక్కడా తిరగట్లేదమ్మా. ఇంట్లోనే ఉన్నారు."