సీలు లేని సీసా

శనివారం పొద్దున కాఫీ తాగుతూ కమలాకర్ ఒక నిర్ణయానికి వచ్చేశాడు. ఆ సాయంత్రం ఫ్రావ్ బ్రాంట్‌కి, అంటే బ్రాంట్ గారికి, కృతజ్ఞత చెప్పి తీరాలి. జర్మనీలోని ఎష్‌బోర్న్‌లో వాళ్ల కింది వాటాలో ఉండే ఆ పెద్దావిడ సోమవారం ఇల్లు ఖాళీ చేసి, హాంబర్గ్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. మొన్న చలికాలంలో టీచర్లు లేక కీటా అనే పిల్లల బడి మూతబడింది. కమలాకర్ కొత్త ఉద్యోగంలో ప్రొబేషన్ మీదున్నాడు, భార్య భానుమతికి సెలవు దొరకలేదు. అప్పుడు వాళ్ల ఐదేళ్ల కూతురు రిషితని నెల రోజులు తనింట్లో పెట్టుకుని చూసింది ఆవిడే. లేకపోతే ఉద్యోగం, దాని మీద వచ్చిన బ్లూకార్డు వీసా రెండూ గోవిందా! అంత చేసిన మనిషి బదులుగా ఏమీ పుచ్చుకోదు. స్వీట్లిస్తే షుగరంది. శాలువా ఇస్తే ఉన్ని పడదంది.

"ఇక్కడివాళ్లకి థాంక్స్ చెప్పాలంటే మంచి వైనొక్కటే దారి గురూ," అన్నాడు ఫోన్‌లో ఆఫీసు స్నేహితుడు శశికాంత్. "స్టేషన్ పక్క థాయ్ రెస్టారెంట్‌కి మన బాటిల్ మనమే పట్టుకెళ్లొచ్చు. కార్కు తీసినందుకు కాస్త ఫీజు తీసుకుంటారంతే. పైగా నీకు అన్నం దొరుకుతుంది."

కమలాకర్ జన్మలో వైన్ ముట్టలేదు. శశికాంత్ చెప్పిన రకమే కొనితెచ్చి, పాడైపోతుందేమోనని పాల పక్కన ఫ్రిజ్ తలుపులో పెట్టాడు. ఆ తలుపులో అచ్చం అలాంటి సీసా ఇంకోటి ఉంది. శశికాంత్ తాగి పారేయబోతుంటే, సీసా ముచ్చటగా ఉందని భానుమతి అడిగి తెచ్చుకున్నది. అందులో ఆవిడ గరాటు పెట్టి ఉలవచారు పోసి, కార్కు బిగించింది. సాయంత్రం హడావిడిలో కమలాకర్ ఏ సీసా పట్టుకెళ్లాడో చెప్పక్కర్లేదు. సీలు లేదేమిటన్న అనుమానం తాగేవాళ్లకి వస్తుంది, ఆయనకెందుకొస్తుంది?

రెస్టారెంట్ యజమానురాలు కార్కు తీసి, ఫ్రావ్ బ్రాంట్ గ్లాసులోకి సీసా వంచింది. ఏమీ రాలేదు. ఇంకాస్త వంచింది. గుబుక్కుమని గ్లాసు సగం నిండింది. గుప్పున వెల్లుల్లి తాలింపు వాసన కొట్టింది.

"ఏమండీ! అది నా ఉలవచారు!" అంది భానుమతి గుసగుసగా.

"ష్! గుమ్మం మీద బోర్డు చూళ్లేదా? బయటి వైన్ తేవచ్చు, బయటి తిండి తేకూడదట. చారని తెలిస్తే ఫ్రావ్ బ్రాంట్ ముందే మనల్ని గెంటేస్తారు!"

"ఇది వైనేనా?" అంది యజమానురాలు.

"వైనేనండీ. మా కృష్ణా జిల్లాది. బాగా... మరిగింది."

పక్క టేబుల్ పెద్దమనిషికి వైనంటే ప్రాణంలా ఉంది. ఓ చుక్క అడిగి పోయించుకుని, గ్లాసు గిరగిరా తిప్పి, కళ్లు మూసుకుని వాసన చూశాడు. "మట్టి... పొగ... ఏమిటీ ఘాటు!" అని గుటకేసి, దగ్గి, కళ్లు తుడుచుకున్నాడు. "అద్భుతం! ఏ ద్రాక్ష?"

"చిన్నవండీ. గోధుమ రంగు."

"నాకు ఆరు సీసాలు తెప్పించాలి!"

కమలాకర్ బుర్రూపాడు. ఇంకేం చేస్తాడు పాపం!

"అది వైన్ కాదు. మా అమ్మ చేసిన సూప్," అంది రిషిత జర్మన్‌లో, హాలంతా వినబడేలా.

కమలాకర్‌కి తల కొట్టేసినట్టయింది. లేచి నిలబడ్డాడు. "క్షమించండి ఫ్రావ్ బ్రాంట్. మీరు లేకపోతే మేమీ దేశంలో ఉండేవాళ్లమే కాదు. ఆ ఒక్క మాట చెప్పడానికి పిలిచి, ఇలా పరువు తీశాను."

ఫ్రావ్ బ్రాంట్ ఆ మాటలు సగమే విన్నది. గ్లాసులో చారంతా అన్నం మీద ఒంపుకుని, చెంచాతో కలుపుకుంటోంది.

"నేను వైన్ మానేసి పదేళ్లయింది," అందావిడ. "మీరేమో ముచ్చటపడి తెచ్చారు, వద్దని ఎలా చెప్పాలా అని దారి పొడుగునా సతమతమయ్యాను. ఈ వాసన రాగానే ప్రాణం లేచొచ్చింది. ఆ నెల రోజులూ రిషిత డబ్బాలో చారన్నం సగం ఎవరు తిన్నారనుకున్నారు?"

"అందుకేనా ఇది రోజూ ఇంటికి రాగానే ఆకలి ఆకలి అనేది!" అంది భానుమతి.

యజమానురాలు కూడా ఓ చెంచా రుచి చూసింది. కాసేపు ఆలోచించింది. "కార్కు నేనే తీశాను, గ్లాసులో నేనే పోశాను. కాబట్టి ఇది వైనే," అని తీర్పు చెప్పి ఫీజు బిల్లులో వేసింది. కమలాకర్ అంత సంతోషంగా ఏ బిల్లూ కట్టలేదు.

వెళ్లేటప్పుడు ఫ్రావ్ బ్రాంట్ కాస్త సిగ్గుపడుతూ, "మిగిలింది హాంబర్గ్ పట్టుకెళ్లనా?" అంది. ఆవిడ వాళ్లని ఏదైనా అడగడం అదే మొదటిసారి. భానుమతి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే భానుమతి ఫ్రావ్ బ్రాంట్ కోసం మళ్లీ ఉలవలు పొయ్యి మీద పెట్టింది. ఆవిడకి ఒక్క సీసా చాలదని, ఫ్రిజ్‌లో ఉన్న వైన్‌ని సింకులో పారబోసి, ఆ సీసాని శుభ్రంగా కడిగి ఆరబెట్టింది.