ఊడని చెయ్యి

బాన్సువాడ బజారులో ఇర్షాద్‌కు కళ్లద్దాల దుకాణం ఉంది. రోజంతా నువ్వుగింజంత స్క్రూలు బిగించే మనిషి కనుక, లోకంలోని స్క్రూలన్నీ తన మాట వింటాయని అతని నమ్మకం. ఆ నమ్మకంతోనే శుక్రవారం పొద్దున్నే తన మోటార్‌సైకిల్ ముందరి ఫైబర్ తొడుగు విప్పడానికి ఇంటి ముందు కూర్చున్నాడు.

తొడుగు లోపల ఏదో వదులై, బండి కదిలితే చాలు గలగలమంటోంది. మధ్యాహ్నం కోటగిరిలో మరదలు తూబాకు మంగ్నీ, అదే నిశ్చితార్థం. పెళ్లికొడుకు వాళ్లు మద్నూర్ నుంచి వస్తున్నారు. వాళ్ల ముందు గిన్నెల బండిలా దిగితే పెద్దల్లుడి పరువేం కాను? భార్య సాదియా పుట్టింటికి వెళ్లే ఆటో ఎక్కుతూ మరీ హెచ్చరించింది.

"ఇయ్యాల గా బండి ముట్టకు. ఆటోల రా."

"గింత దానికి ఫికర్ ఎందుకు? చాయ్ సల్లారేలోపు బిగిస్త."

చాయ్ చల్లారింది. దాని మీద మీగడ కట్టింది. ఇర్షాద్ కంటికి కనబడిన స్క్రూలన్నీ తీసి తొడుగు పట్టి లాగాడు. కంటికి కనబడనిది ఒకటి అద్దం కింద దాక్కుంది. టప్పుమంది. తొడుగును బండికి పట్టి ఉంచే ప్లాస్టిక్ చెవి ఒకటి విరిగి అతని ఒళ్లో పడింది.

"శభాష్ ఇర్షాద్! కండ్లద్దాలు అమ్మేటోనికి కండ్లు కనవడ్తలేవు," అని తనను తానే మెచ్చుకున్నాడు.

తొడుగు ఊడిన బండి, పళ్లసెట్టు తీసిన ముసలాయనలా నోరు తెరిచి చూస్తోంది. విప్పడానికి పట్టిన దానికి రెండింతల సేపు కష్టపడి, ఎడమ పక్కదాన్ని కుడి పక్కకు, కుడిదాన్ని తలకిందులుగా పెట్టి చూసి, చివరికి తొడుగును మళ్లీ బిగించాడు. విరిగిన చెవి మిగిలింది. దుకాణంలో ఫ్రేములు అతికించే గమ్ము తెచ్చి, ధారాళంగా పోసి, అరచేత్తో గట్టిగా అదిమి పట్టాడు.

చెవి అతుక్కుంది. చెయ్యి కూడా అతుక్కుంది.

ఎదురింటి సావిత్రమ్మ బయటికి వచ్చేసరికి అతను మోకాళ్ల మీద కూర్చుని బండిని పట్టుకుని మూలుగుతున్నాడు.

"ఏంది కొడుకా, బండిని కావలించుకున్నవ్?"

"చెయ్యి ఊడుతలేదవ్వా! జర సాదియాకు ఫోన్ కొట్టు. గమ్ము ఎట్ల పోతదో ఆమెకు ఎరుక."

సావిత్రమ్మ ఫోన్‌లో వీధంతా వినబడేలా అరిచింది. "సాదియా! మీ ఆయన బండి మూతి ఊడింది! చెయ్యి ఊడు..."

అంతటితో ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. "పాడైపోను! ఉండు, నీళ్లు కాగవెట్టి తెస్త," అంటూ ఆమె లోపలికి పోయింది.

కోటగిరిలో ఆ వార్త వంటింట్లోంచి షామియానా కిందికి వచ్చేసరికి ఇర్షాద్ చెయ్యి తెగి రోడ్డు మీద పడింది. గేటు దాటేసరికి కాలు ఉందన్న నమ్మకం కూడా లేదు. సాదియా ఏడుస్తూ అతనికి ఫోన్ చేసింది. ఆ ఫోన్ కిటికీలో మోగింది. ఇర్షాద్ ఎడమ చెయ్యి చాచాడు, కాలు చాచాడు, చివరికి నాలుక కూడా చాచాడు. అందలేదు. ఫోన్ ఎత్తకపోవడంతో అక్కడ అనుమానం కాస్తా ఖాయమైంది.

సాదియా తమ్ముడు ఆకిబ్ ట్రాక్టర్‌తో అందరికంటే ముందు వచ్చాడు. వెనక ఆటోలు, ఆ వెనక పెళ్లికొడుకు వాళ్ల కారు. ఆకిబ్ చేతిలో కూల్‌డ్రింకుల ఐస్‌డబ్బా ఉంది.

"బావా! చెయ్యి యాడుంది? ఐస్‌ల వెట్టి దవాఖానకు తీస్కపోదాం!"

"బండికున్నది," అన్నాడు ఇర్షాద్ తల వంచుకుని.

సాదియా అతని రెండు చేతులూ, కాళ్లూ తడిమి చూసింది. అన్నీ ఉన్నాయని తేలాక కళ్లు తుడుచుకుంది. "ఆ రెండో చెయ్యి ఎందుకు ఇడిసిపెట్టినవ్? అది గూడ అతికిస్త, ఇటియ్యి!"

అప్పుడు కారులోంచి పెళ్లికొడుకు తండ్రి అమీర్ పాషా దిగాడు. నవ్వని మనిషని ఆయనకు పేరు. ఆకిబ్ వెంట వచ్చిన తూబా మెహందీ చేతులతో ట్రాక్టర్ మీదే బిగుసుకుపోయింది. తన వల్ల పిల్ల సంబంధం చెడుతుందేమోనని ఇర్షాద్ భయపడ్డాడు. ఎడమ చేత్తోనే సలాం చేశాడు.

"మాఫ్ చెయ్యండ్రి చాచా. పిల్ల బంగారం. ఈ ఖాందాన్ల బుద్ధి తక్కువోణ్ణి నేనొక్కణ్ణే. నేను గూడ బయటి నుంచి అల్లుడిగ వచ్చినోణ్ణే, వాళ్ల రక్తం కాదు."

అమీర్ పాషా ఐస్‌డబ్బాను చూశాడు, ట్రాక్టర్‌లో పరిచిన పరుపును చూశాడు. మీసం అదిరింది. ఆ తర్వాత ఆయన కడుపు పట్టుకుని నవ్విన నవ్వుకు ఇంటి మీది పావురాలు లేచిపోయాయి.

"గిసుంటి అల్లుని కోసం మంగ్నీ ఇడిసిపెట్టి ఉరికొచ్చిన్రు! ఇగ మంచి అల్లుడైతే ఎట్ల చూసుకుంటరో! గీ ఇంటి పిల్లే మాకు కావాలె."

మంగ్నీ ఇర్షాద్ అరుగు మీదే జరిగింది. సావిత్రమ్మ తెచ్చిన నాలుగో గిన్నె వేడి సబ్బునీళ్లకు చెయ్యి వచ్చింది, చెయ్యితో పాటు చెవీ వచ్చింది. రెండు వైపుల పెద్దలూ బండి చుట్టూ కూర్చుని, తలా ఒక సలహా ఇచ్చి, తొడుగును మళ్లీ బిగించారు. హెడ్‌లైటు మాత్రం కొంచెం ఆకాశం వైపు చూస్తోంది.

వెళ్తూ వెళ్తూ అమీర్ పాషా ఇర్షాద్ భుజం తట్టాడు. "మా కారు గూడ జర సప్పుడు చేస్తుంది. ఓసారి వచ్చి చూస్తవా?"

ఇర్షాద్ సరేననేలోపే సాదియా ఎంతో ప్రేమగా అతని నోట్లో పెద్ద లడ్డూ కుక్కింది.