సూపరింటెండెంటు గారి టీవీ త్యాగం

మొన్న సాయంత్రం, సీరియల్‌లో అత్త నోరు తెరిచి కోడలిని ఏదో అనబోతున్న శుభసమయంలో, సూపరింటెండెంటు గారింట్లో పెద్ద టీవీకి బొమ్మ పోయిందని తెలియజేయడానికి చింతించవలసి వస్తోంది. మాట మాత్రం పోలేదు. అత్త అనదలుచుకున్నదంతా చీకట్లోంచే అనేసింది. కోడలు చీకట్లోనే ఏడ్చింది. ఆ వెంటనే టూత్‌పేస్టు ప్రకటన కూడా చీకట్లోనే వచ్చి, పళ్ళు ఎంత తెల్లగా మెరుస్తున్నాయో చూడమని కోరింది. ఇంటిల్లిపాదీ కళ్ళు చికిలించి చూశారు.

ఆ టీవీ సామాన్యమైనది కాదు. పక్క వీధిలో ఉండే తోడల్లుడు పెద్ద టీవీ కొన్నాడని తెలిసిన వారంలోనే, అంతకంటే పెద్దది ఏదుంటే అది ఇమ్మని షాపువాణ్ణి అడిగి సూపరింటెండెంటు గారు తెచ్చుకున్నది. అది గుమ్మంలో పట్టకపోతే తలుపులు ఊడదీయించారు. హాల్లో ఉన్న ఒక్క కిటికీ దాని వెనక పడిపోయింది. దాన్ని చూడటానికి తగినంత దూరం కావాలని సోఫాను వంటింటి గుమ్మానికి ఆనించారు కాబట్టి, అప్పట్నుంచి వంటింట్లోకి వెళ్ళదలచినవారు సోఫా చెయ్యి ఎక్కి దిగాల్సిందే. గాలీ వెలుతురూ అందరిళ్ళలోనూ ఉంటాయి, ఇంత టీవీ ఎవరింట్లో ఉంది అని సూపరింటెండెంటు గారి వాదన.

ఇక ఆయన ఉద్యోగం గురించి చెప్పాలి. ఆఫీసులో పాడైపోయిన వస్తువుల సంగతి తేల్చే సెక్షన్ ఆయనది. ఏదైనా వస్తువును రిపేరు చేయించాలంటే, కొత్తది కొనడం దండగ అని ముందు తేలాలి. కొత్తది కొనాలంటే, రిపేరు చేయించడం దండగ అని ముందు తేలాలి. ఈ రెండూ ఎప్పటికీ తేలకుండా చూడటమే ఆయన పని. ఆ పనిని ఎంత దీక్షగా చేశారంటే, ఆఫీసులో ఇవాళ కుర్చీలన్నీ గోడకు ఆనుకునే నిలబడతాయి, ఫ్యానులన్నీ అలంకారం కోసం వేలాడతాయి. ఆయన చేతిమీదుగా ఒక్క తప్పు నిర్ణయం కూడా జరగలేదని పై అధికారులు మెచ్చుకుని ప్రమోషన్ ఇచ్చారు. నిర్ణయమే జరగలేదన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు మెకానిక్ వచ్చాడు. టీవీ వంక చూడకముందే, "ఇంతకుముందు దీన్ని ఎవరు ముట్టుకున్నారండీ?" అని అడిగాడు.

"ఎవరూ ముట్టుకోలేదయ్యా," అంది సూపరింటెండెంటు గారి భార్య.

"అందుకే పోయింది," అన్నాడు మెకానిక్. తర్వాత వెనకవైపు కాసేపు తొంగిచూసి, "ప్యానెల్ పోయిందండీ. కొత్త ప్యానెల్ వేస్తే ఇంచుమించు కొత్త టీవీ అంత అవుతుంది. అలాగని కొత్తది కొంటారా, ఇప్పుడొచ్చేవి ఇంత గట్టిగా ఉండవు," అన్నాడు.

"ఇది గట్టిగా ఉందా?"

"బొమ్మ రావట్లేదు గానీ గట్టిదేనండీ," అని టీవీ నెత్తిమీద రెండు దెబ్బలు కొట్టి చూపించి, వచ్చినందుకు తీసుకోవాల్సింది తీసుకుని వెళ్ళిపోయాడు.

సూపరింటెండెంటు గారు ఆఫీసు పద్ధతిలోనే ఇంట్లో సమావేశం ఏర్పాటు చేశారు. భార్య, కూతురు, ఇంట్లోనే ఉండే ఆయన అత్తగారు సోఫాలో కూర్చున్నారు. ఆయన నల్లగా ఉన్న తెర ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు.

"కొత్తది కొనేద్దాం నాన్నా," అంది కూతురు.

"అది తొందరపాటు."

"పోనీ రిపేరు చేయించండి," అంది భార్య.

"అదీ తొందరపాటే. మీరు విషయాన్ని లోతుగా పరిశీలించడం లేదు. రిపేరు చేయిస్తే, కొత్తది కొనే స్తోమత లేదంటారు. కొత్తది కొంటే, ఇన్నాళ్ళూ గొప్పలు చెప్పుకున్నది నాసిరకం టీవీ గురించా అంటారు. ఇక్కడ పోయింది బొమ్మ కాదు. పరువు పోకుండా చూసుకోవాలి."

ఎవరంటారని ఎవరూ అడగలేదు. అనేవాడు పక్క వీధిలోనే ఉన్నాడని అందరికీ తెలుసు. కాబట్టి విషయం పరిశీలనలో ఉన్నట్టు ఏకగ్రీవంగా తీర్మానించారు.

పరిశీలన సాగినన్నాళ్ళూ కుటుంబం నల్లటి తెర ముందు కూర్చుని సీరియల్ వినసాగింది. మొదట్లో తన కళ్ళే పోయాయని దిగులుపడి, ఆ ముక్క ఎవరికీ చెప్పకుండా దాచుకున్న అత్తగారు, పోయింది టీవీయేనని తెలిశాక ఎంతో సంతోషించారు. ఇబ్బందల్లా, కథలో ఎవరెవరు ఏ బట్టలు వేసుకున్నారో ఎవరికి వారు ఊహించుకోవాల్సి రావడం. ఆ దుర్మార్గపు ఆడపడుచు ఎర్ర బట్టల్లో ఉందని భార్య అంది. కాదు, నీలం అన్నారు అత్తగారు. "దానికి ఆ గొంతు ఎర్ర బట్టలప్పుడే వస్తుందమ్మా," అని భార్య ఆధారం చూపించింది. మాటకు మాట పెరిగి తల్లీకూతుళ్ళిద్దరూ మాటలు మానేశారు.

ఇలా ఉండగా తోడల్లుడు ఫోన్ చేశాడు.

"అన్నయ్యగారూ, ఆదివారం ఫైనల్ మ్యాచ్ మీ ఇంట్లోనే. మా చిన్న టీవీలో బంతి చీమంత కనపడి చస్తోంది."

ఆ 'చిన్న టీవీ' అన్న మాట వినడానికి సూపరింటెండెంటు గారు ఎంతకాలంగా ఎదురుచూస్తున్నారో ఆ దేవుడికే తెలియాలి. తీరా అది వినపడేసరికి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. వద్దంటే అనుమానం. రమ్మంటే అవమానం. "తప్పకుండా రా తమ్ముడూ," అని ఫోన్ పెట్టేసి సోఫాలో కూలబడ్డారు.

ఆదివారం పొద్దున్నే భార్య బీరువాలోంచి మంచి దుప్పటి తీసి, ఇస్త్రీ చేసి, టీవీ మీద కప్పింది. తోడల్లుడు వచ్చి కూర్చున్నాడు. దుప్పటిని కింది నుంచి పైకీ, పై నుంచి కిందికీ చూశాడు.

"ఏంటి అన్నయ్యగారూ, టీవీకి జ్వరమా?"

భార్య నోట్లో 'రిపేరు' అన్న మాట కదులుతుండగా సూపరింటెండెంటు గారు అడ్డుపడ్డారు. ఆయన జీవితంలో మొట్టమొదటి నిర్ణయం ఆ క్షణంలోనే జరిగింది.

"మానేశాం," అన్నారు.

"ఏం మానేశారు?"

"టీవీ మానేశాం తమ్ముడూ. ఈ పెట్టె వచ్చాక మనిషి మొహం మనిషి చూడటం లేదు. కన్నకూతురు ఎంత ఎదిగిందో కన్నతండ్రికి తెలియట్లేదు. ఇంటి మధ్యలో ఇంత వెలుగు పెట్టుకుని మనసులో చీకటి పెంచుకుంటున్నాం. చాలు, ఇక చాలు అనిపించింది."

ఎక్కడివో తెలియదు, ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సరిగ్గా అప్పుడే అత్తగారు ఒత్తిగిలి కూర్చోగా, ఆవిడ కిందున్న రిమోట్ నొక్కుకుంది. దుప్పటిలోంచి, "మీ ఆనందానికి కావాలి మరింత పెద్ద తెర!" అని ఒక గొంతు కేకపెట్టింది. కూతురు ఎగిరి ప్లగ్గు పీకేసింది.

సూపరింటెండెంటు గారు తొణకలేదు. "చూశావా తమ్ముడూ, మనం వదిలినా అది వదలట్లేదు," అన్నారు.

తోడల్లుడి మొహం మాడిపోయింది. టీవీ సైజులో ఓడిపోవడం అతను ఎలాగో దిగమింగుకున్నాడు గానీ, వైరాగ్యంలో కూడా ఓడిపోతానని అనుకోలేదు. మ్యాచ్ మాటే ఎత్తకుండా లేచి వెళ్ళి, ఆ సాయంత్రానికల్లా తన టీవీకి మఖమల్ గుడ్డ కప్పించి, తాను ఎప్పట్నుంచో మానేద్దామనుకుంటున్నట్టు వీధంతా చాటాడు.

ఈ వార్త కాలనీ సంఘం అధ్యక్షుడి చెవిన పడింది. ఆయనది ఉద్యమం లేనిదే అన్నం సహించని స్వభావం. అంతకుముందు వీధికుక్కలకు క్రమశిక్షణ నేర్పే ఉద్యమం నడిపి, కుక్కల సహకారం లేక విరమించి, ఖాళీగా ఉన్నారు. ఆయన సూపరింటెండెంటు గారింటికి పరుగున వచ్చి, దుప్పటి ముందు రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డారు. "మీరు మనిషి కాదండీ!" అన్నారు ఆనందంతో.

అలా టీవీ త్యాగోద్యమం మొదలైంది. వారం తిరిగేసరికి ఇల్లిల్లూ టీవీకి గుడ్డ కప్పింది. ఉత్త గుడ్డ ఏం బాగుంటుందని జరీ అంచులు వచ్చాయి, తర్వాత కుచ్చులు వచ్చాయి. దర్జీకి ఊపిరి సలపలేదు. వచ్చిన చుట్టాలకు ముందు గుడ్డ చూపించి, ఆ తర్వాతే మంచినీళ్ళు ఇచ్చేవారు. చిన్న టీవీ ఉన్నవాళ్ళకు మాత్రం తల కొట్టేసినట్టుగా ఉండేది. చిన్న టీవీని త్యాగం చేస్తే ఏం గొప్ప, అది ఉన్నా లేనట్టే కదా అని పక్కవాళ్ళు మొహాన్నే అనేసేవారు. అందుచేత చాలామంది త్యాగం చేయడం కోసం పెద్ద టీవీలు కొన్నారు. తోడల్లుడైతే షాపులో ఉన్నవాటిలో అన్నింటికంటే పెద్దది కొని, అట్టపెట్టె విప్పకుండానే దానిమీద మఖమల్ కప్పించాడు. కాలనీ ఇంతగా మారిపోయినందుకు టీవీ షాపు యజమాని ఉద్యమానికి భారీ విరాళం ప్రకటించాడు.

సూపరింటెండెంటు గారి పరిస్థితి మరీ సంకటంగా తయారైంది. మెకానిక్ గడప తొక్కితే ఉద్యమం కూలిపోతుంది. కొత్త టీవీ దిగితే తాను కూలిపోతారు. అందరూ పెద్దపెద్దవి కొనుక్కుంటుంటే, ఉద్యమాన్ని పుట్టించినవాడికి మాత్రం కొనే యోగ్యత లేకుండా పోయింది.

అధ్యక్షుడు ఆయనకు సన్మానం తలపెట్టారు. కమ్యూనిటీ హాలు నిండిపోయింది. కేబుల్ చానెల్‌వాళ్ళు కెమెరాతో వచ్చారు. "వెలిగే తెరను ఆర్పి, మన గుండెల్లో దీపం వెలిగించిన మహానుభావుడు! మనమందరం ఏదో ఉన్నది వదిలాం. ఈయన వదిలిన తీరే వేరు. నేనెన్నోసార్లు పరీక్షగా చూశాను, ఆ తెరమీద వెలుగన్నదే లేదు!" అని అధ్యక్షుడు ప్రసంగించి, పూలదండ వేసి, మెడలో పతకం తగిలించారు. ఈ కార్యక్రమం రేపు సాయంత్రం టీవీలో ప్రసారమవుతుందని ప్రకటించగానే, టీవీ మానేసినవారందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

సూపరింటెండెంటు గారు అంతకుముందు ఎన్నడూ టీవీలో కనపడలేదు. పెళ్ళి ఫొటోలో కూడా ఆయన మొహానికి ఎవరిదో మోచెయ్యి అడ్డం వచ్చింది. తాను దండతో, పతకంతో ఎలా ఉంటారో ఒక్కసారి చూసుకోవాలని ఆయన ప్రాణం కొట్టుకులాడింది. ఏ ఇంటికి వెళ్ళి చూడాలి? కాలనీ మొత్తం మానేసింది, అదీ తన మాట మీద.

మర్నాడు సాయంత్రం కాలనీలో తలుపులన్నీ తొందరగా పడిపోయాయి. వీధిలో పిల్లల అలికిడి కూడా లేదు. జనం నిద్రను సైతం క్రమశిక్షణలో పెట్టుకున్నారని సూపరింటెండెంటు గారు మురిసిపోయి, తామూ తలుపు గడియ వేసి, దుప్పటి తొలగించి టీవీ పెట్టారు. చీకట్లోంచి ప్రసంగం వచ్చింది. చీకట్లోంచి చప్పట్లు వచ్చాయి. తన గొంతు తనకే వినిపించింది. ఆయన తెరకు ముక్కు ఆనించి వెతుక్కున్నారు. ఏమీ లేదు.

"అల్లుడుగారు ఎలా కనపడుతున్నారే?" అని అత్తగారు కూతురితో పంతం మానేసి అడిగారు.

"బాగున్నారమ్మా. దండ బాగా నప్పింది," అంది భార్య.

సూపరింటెండెంటు గారికి నిజంగానే ఏడుపొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి ఏడుద్దామన్నా మధ్యలో సోఫా ఉంది.

తెల్లవారి ఆయన ఆఫీసుకు బయలుదేరితే, ఇస్త్రీ బండి దగ్గర ఒకాయన ఆపి, "దండ కొంచెం కిందికి జారిందండీ, పతకం సగమే కనపడింది," అన్నాడు. మందుల షాపు ముందు ఇంకొకావిడ, "మీరు కొద్దిగా ఎడమవైపు తిరిగుంటే బాగుండేది అన్నయ్యగారూ," అంది. ఆ వెంటనే నాలిక్కరుచుకుని, ఎవరో అనుకుంటుంటే విన్నానంది. వీధి చివరికి వెళ్ళేసరికి తన మొహం గురించి ఆయనకు సమస్తం తెలిసిపోయింది. అక్కడ అధ్యక్షుడు ఎదురై, పదిమందిలో, "ఏమండీ, తమరు మాత్రం చూసుకున్నారా?" అని నవ్వుతూ అడిగారు.

"లేదండీ, చూడలేదు," అన్నారు సూపరింటెండెంటు గారు. టీవీ విషయంలో ఆయన నోటివెంట వచ్చిన మొదటి నిజం అది.

అక్కడున్నవాళ్ళ మొహాలు ఒక్కసారిగా మారిపోయాయి. ఆ సాయంత్రమే సంఘం అత్యవసరంగా సమావేశమైంది. "మనమంటే ఎవరమూ చూడలేదు. కానీ సొంత సన్మానం చూసుకోకుండా ఉండే మనిషి లోకంలో ఉంటాడా? నాయకుడై ఉండి, ఇంత పచ్చి అబద్ధమా?" అని అధ్యక్షుడు ఆవేదన వెళ్ళబుచ్చారు. సూపరింటెండెంటు గారు బతిమాలి అందరినీ ఇంటికి పిలుచుకొచ్చారు. దుప్పటి లాగి అవతల పారేసి, టీవీ పెట్టి, "చూడండి, బొమ్మే రాదు! మొదట్నుంచీ రాదు! మానేసిందీ లేదు, త్యాగమూ లేదు, ఇది పాడైపోయింది!" అని అరిచారు. అందరూ నల్లటి తెరను చాలాసేపు పరీక్షగా చూశారు.

"ఎంత తెలివండీ!" అన్నాడు తోడల్లుడు చివరికి. "దొరికిపోతానని రాత్రికి రాత్రే పాడుచేసుకున్నాడు."

అందరికీ అది నిజమే అనిపించింది. పతకం వెనక్కి తీసుకున్నారు. కాలనీలో అన్నింటికంటే పెద్ద టీవీని త్యాగం చేసినందుకు ఆ పతకాన్ని తోడల్లుడికి ఇవ్వాలని తీర్మానించారు. సూపరింటెండెంటు గారి టీవీకి రిపేరా, కొత్తదా అన్న విషయం మళ్ళీ పరిశీలనలో పడింది.

తోడల్లుడి సన్మానం రేపు సాయంత్రం వార్తల తర్వాత ప్రసారమవుతుంది. ఎవరూ చూడరు. మీరు కూడా తలుపులు కాస్త ముందే వేసుకోండి.