పోగుకు ఒక అడుగు

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు బాన్సువాడ వీధులన్నీ వెడల్పైపోయి ఉన్నట్టు బయటపడింది.

గురువారం సాయంత్రం ఐదింటికి చూసినప్పుడు అవి ఎప్పటిలాగే ఇరుకుగా, క్షేమంగా ఉన్నాయి. ఇప్పుడు అరుగులు లేవు, ర్యాంపులు లేవు, వీధిలోకి తొంగిచూసే షట్టర్లు లేవు. గంజి వీధిలో రెండు ట్రాక్టర్లు ఎదురెదురుగా పోయేంత ఖాళీ చూసి కార్యదర్శి రోజారాణికి కళ్ళు తిరిగాయి. నీళ్ళు తాగించి కూర్చోబెట్టారు.

పాఠకులు కంగారుపడనక్కర్లేదు. ఇదంతా బట్ట మీద జరిగింది. నేల మీది బాన్సువాడ ఎప్పటిలాగే ఇరుకుగా ఉంది.

ఆ బట్ట సూదిదారం కళాసంఘం వారిది. సంఘంలో సభ్యులు ఇరవై ఇద్దరు, అందులో పదవులున్నవారు పందొమ్మిది మంది. మిగిలిన ముగ్గురిలో ఒకరు హఫీజా. ఆమెకు పదవి ఇవ్వకపోవడానికి కారణం ఉంది. పని నేర్పేది ఆమే కాబట్టి ఆమెకు తీరిక ఉండదని సంఘం దయతో గుర్తించింది.

హఫీజాది మసీదు పక్క సందులో టైలరింగ్ దుకాణం. ఇరవై ఏళ్ళుగా ఆమె కుట్టిన పువ్వులు రవికెల మీద ఎక్కి నిజామాబాదు పోతాయి, అక్కడి దుకాణం పేరు మెడకు తగిలించుకుని పెళ్ళిళ్ళకు పోతాయి. ఎనిమిది అడుగుల ఖద్దరు బట్ట మీద ఊరంతా కుట్టాలన్న ఆలోచన ఆమెదే. వీధివీధీ అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. బట్టలో ఒక పోగుకు నేల మీద ఒక అడుగు చొప్పున నీలం సుద్దతో గీసింది. పద్నాలుగు నెలల పని. ఆదివారం పొద్దున ఆరింటికి వ్యాను వస్తుంది. హైదరాబాదులో చేతిపనుల ప్రదర్శన. బట్ట పక్కన పెట్టే అట్టముక్క కూడా అచ్చై వచ్చేసింది: 'రూపకల్పన: హఫీజా, బాన్సువాడ.' ఆమె ఆ అట్టముక్కను సంచిలో పెట్టుకుని, రోజుకు నాలుగుసార్లు తీసి చూసుకుంటోంది.

ఆమె చేసిన తప్పు ఒక్కటే. ఎవరి ఇల్లు వాళ్ళనే కుట్టుకోమంది.

మొదట్లో అంతా సుద్దగీత మీదే నడిచింది. రెండో నెలలో రోజారాణి తన బ్యూటీ పార్లర్ ముందు మూడు పోగుల మెట్లు కుట్టింది. నేల మీద ఉన్నాయి కాబట్టి బట్ట మీద ఉండడం న్యాయమేనని అందరూ ఒప్పుకున్నారు. ఎదురింటావిడ నాలుగు పోగుల షెడ్డు దింపింది. నేల మీద ఆ షెడ్డు లేదు, అయితే కట్టే ఉద్దేశం ఉందట. మహారాష్ట్ర సరిహద్దు మద్నూర్ నుంచి వచ్చి స్థిరపడిన జమునాబాయి బర్రెల కుడితి తొట్టిని వీధి మధ్యలో కుట్టి, చుట్టూ ముళ్ళకంప కూడా కుట్టింది. అధ్యక్షురాలు భాగ్యవతి గేటు ముందరి ర్యాంపు ఆరు పోగులు ముందుకు వచ్చింది. ఎవరో ముచ్చటపడి సందులో షేర్ ఆటో ఒకటి కుట్టారు. ఆ తర్వాత రెండు వైపులా గోడలు జరిగాయి. అప్పటినుంచి ఆ ఆటో ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. ఒకావిడ తన గోడ మీద ఎర్రదారంతో 'కోర్టు స్టే ఉన్నది' అని బోర్డు కుట్టింది. కేసు ఏమిటని ఎవరూ అడగలేదు. స్టే ఉన్నచోట అడగకూడదు.

సంఘం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ప్రత్యేక సమావేశం పెట్టి, ఆరు పోగుల లోపు ఆక్రమణలన్నిటినీ క్రమబద్ధం చేస్తూ తీర్మానం చేసింది. తీర్మానానికి ముందు రోజు వరకూ ఆరు పోగులు ఆక్రమించినవారు ఒక్క అధ్యక్షురాలే. మరుసటి రోజుకు ఇరవై ఒక్కరు. హఫీజా మాత్రం తన దుకాణాన్ని సుద్దగీత దాటనివ్వలేదు. పోనీలే, ఊరు ఊరిలాగే ఉందని సర్దుకుంది.

అటువంటి ఊరిని శుక్రవారం నాటికి ఎవరో విప్పేశారు.

"అధ్యక్షురాలి హోదాల చెప్తున్న," అంది భాగ్యవతి లేచి నిలబడి. "గిది బట్ట మీద దాడి కాదు. మన సంస్కృతి మీద దాడి. మన పెద్దలు ఎంతో కష్టపడి ముందుకు జరిగిండ్రు. వాళ్ళు జరిగిన జాగ మనం కాపాడుకోకుంటే మన పిల్లలకు ఏం మొఖం చూపిస్తం?"

చప్పట్లు మోగాయి. తర్వాత అందరి చూపూ ఒక్కచోట ఆగింది.

"హఫీజా, అందరివి ఇప్పిండ్రు. నీ దుకాణం ఒక్కటే ఎట్లున్నది అట్లనే ఉన్నది. ఏంది కథ?"

"నేను ముందుకు జరగలే గద భాగ్యక్కా. ఇప్పుటానికి ఏమున్నది?"

"అదే నేను అడిగేది. ఎందుకు జరగలే?"

ఆ ప్రశ్నకు ఊళ్ళో ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

"కుట్టు ఇప్పితే గుడ్డకు రంధ్రం గూడ పడలే," అంది రోజారాణి, సొమ్మసిల్లిన గొంతుతోనే. "గసొంటి చెయ్యి మనల ఎవ్వరికున్నదక్కా?"

నేరం దాదాపు రుజువైంది. అయినా సంఘం చట్టాన్ని గౌరవిస్తుంది కాబట్టి విచారణ సంఘం వేశారు. అందులో ఒకే సభ్యుడు, ముత్తెన్న. భాగ్యవతి భర్త, రిటైరైన సర్వేయరు. సంఘం గది వాళ్ళ ఇంటి మేడ మీదే కాబట్టి దారి ఖర్చులుండవు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆయన మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. ఆయన ఏమీ చేయలేదనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ముత్తెన్న కళ్ళజోడు తుడుచుకుని, టేపు పట్టుకుని బట్ట చుట్టూ రెండుసార్లు తిరిగి, విషయం లోతైనదని, రెండు వారాల గడువు కావాలని చెప్పాడు.

"రెండు వారాలా! అగ బాయీ!" జమునాబాయి లేచింది. "గప్పటికి ఊరు హైదరాబాదుల ఉంటది. రేపు నాలుగింటి దాక సూస్త. దొంగ దొరకకుంటే నా ఇల్లు నేను కత్తెరతోని కోసుకపోత. నా కుడితి తొట్టి లేని ఊరుతోని నాకేం పని?"

మిగిలినవాళ్ళకూ ఇది సబబుగా తోచింది. శనివారం సాయంత్రం నాలుగింటికి ఎవరి ఇల్లు వాళ్ళు కోసుకుపోవాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. పద్నాలుగు నెలల బట్ట ఇరవై రెండు చేతిరుమాళ్ళు కాబోతోంది. హఫీజా సంచిలో అట్టముక్కను తడుముకుంది. ఇరవై రెండు రుమాళ్ళకు ఒక్క అట్టముక్క ఎక్కడ పెడతారు?

శనివారం పన్నెండింటికే ఆమె మేడ ఎక్కింది. బట్టను వెనక్కి తిప్పి చూసింది. గోడలన్నీ గొలుసుకుట్టు. ఆ కుట్టు గుణం ఆమెకు తెలుసు, చివరి ముడి విప్పి లాగితే పిల్లలు కూడా మొత్తం విప్పేయగలరు. నేర్చిన చెయ్యి అక్కర్లేదన్నమాట. ఒక్కచోట మాత్రం, భాగ్యవతి ర్యాంపు దగ్గర, ముడి తెలియక నాలుగుచోట్ల గిల్లిన గుర్తులున్నాయి. దొంగ అక్కడ మొదలుపెట్టాడు. అక్కడే నేర్చుకున్నాడు.

మరి లాగిన దారాలేవి? సంఘం బీరువా అడుగున, పాత పేపర్ల కింద మిఠాయి డబ్బా దొరికింది. హఫీజా మూత తీసింది. అరవై ఒక్క దారపు చుట్టలు, ఒక్కటీ తెగలేదు. ప్రతి చుట్టకూ ఒక చీటీ. 'యజమాని: రోజారాణి. ఆక్రమణ: ఆరు పోగులు. స్వభావం: మెట్లు. తొలగించడమైనది.' తేదీ కింద రెండు గీతలు. స్టే బోర్డు చీటీ మీద 'కేసు నంబరు లేదు' అని కూడా రాసి ఉంది.

దొంగ సొమ్మును ఇంత పద్ధతిగా దాచే దొంగలు ఉండరు. ఇది స్వాధీనం చేసుకున్న సొమ్ము. హఫీజాకు కోపం రాలేదు, ముందు గౌరవం కలిగింది. తర్వాత భయం వేసింది. పేరు చెబితే భాగ్యవతి పరువు పోతుంది, మేడ మీది గది పోతుంది. చెప్పకపోతే బట్ట పోతుంది. డబ్బా మూసి ఎక్కడిదక్కడ పెట్టి, నాలుగింటి దాకా ఆలోచించింది.

నాలుగింటికి ఇరవై ఒక్క కత్తెరలు వచ్చాయి. రోజారాణి పార్లర్‌లోంచి పెద్దది తెచ్చింది. కోత వెంటనే మొదలయ్యేదే. కాని రోజారాణికీ జమునాబాయికీ మధ్య ఉమ్మడి గోడ ఉంది.

"గోడకు అవుతల కొయ్యి."

"అవుతల ఎందుకు? గోడ మాది!"

"మీది ఎట్లయితది? సున్నం మేమేసినం!"

గోడకు ఎటువైపు కోయాలో తేలక కత్తెరలు గాల్లో ఆగిపోయాయి. మూల కుర్చీలో విచారణ సంఘం కళ్ళు మూసుకుని ఉంది. హఫీజా ఆ కుర్చీ దగ్గరకు నడిచింది.

"సార్, గంజి వీధి ఎంత ఎడల్పు?"

"నలభై," అన్నాడు ముత్తెన్న కళ్ళు తెరవకుండానే.

"మా మసీదు సందు?"

"పద్దెనిమిది."

"రోజారాణి పార్లర్ ముందట?"

"ఇరవై నాలుగు. మలుపు కాడ ఇరవై రెండున్నర."

ఫోన్ పక్కన పెట్టి, సూదిమొనతో పోగులు లెక్కపెట్టింది మహెక్, సంఘంలో అందరికన్నా చిన్నది. "నలభై. పద్దెనిమిది. ఇరవై నాలుగు." మలుపు దగ్గర ఆమె సూది ఆగింది. "అక్కా... ఈడ పోగును నిలువుగ చీల్చిండ్రు. సగం పోగు!"

భాగ్యవతి భర్తను పైనుంచి కిందికి చూసింది.

"గిదేందయ్యా? మన ర్యాంపు గూడ నువ్వేనా?"

ముత్తెన్న లేచాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నేనే. మొదలు మనదే ఇప్పిన. మొన్న రాత్రి ఎనిమిదింటికి కూసున్న, పన్నెండింటికి అయిపోయింది. చీటీలు రాసుటానికే ఎక్కువసేపు పట్టింది. ముప్పై నాలుగేండ్ల పని నాలుగు గంటలల్ల అయింది! ఎవ్వరు అడ్డం పండలే. పైకెల్లి ఫోన్ రాలే. ఆ షేర్ ఆటో ఉన్నది సూడుండ్రి, గిప్పుడు పోతది. మీరేం శిక్ష ఏసినా ఏసుండ్రి. నాకైతే కడుపు నిండింది."

ఎవరూ శిక్ష సంగతి ఎత్తలేదు. రోజారాణి గొంతు సవరించుకుంది.

"సార్, గీ లెక్కలు... నేల మీదియి గూడ ఉన్నయా?"

"ఎందుకుండయి? పుస్తకమే ఉన్నది. ఇంటింటిది. ఎవలది ఎంతో అంత."

ఇరవై ఒక్క కత్తెరలు చప్పుడు కాకుండా సంచుల్లోకి జారుకున్నాయి. గోడ తనది కాదు, రోజారాణిదేనని జమునాబాయి అంది. ఎంతమాట, జమునాబాయిదేనని రోజారాణి అంది. ఒకటిన్నర నిమిషంలో తీర్మానం కూడా అయింది. బట్ట మీద ఊరు వెడల్పుగానే హైదరాబాదు పోవాలి, చూసేవాళ్ళకు బాన్సువాడ అంటే గౌరవం కలగాలి. పుస్తకం మాత్రం సంఘం ఆస్తిగా పరిగణించబడి, ఎన్నటికీ ఇల్లు కదలరాదు. నేల సంగతి నేలదే, కళ సంగతి కళదే అని అధ్యక్షురాలు ముగించారు. అందరూ చాయ్ తాగి, తమ తమ ఆక్రమణల్లోకి క్షేమంగా వెళ్ళిపోయారు.

హఫీజా బట్టను జాగ్రత్తగా చుట్టి నాడాతో కట్టింది. అట్టముక్కను లోపల దోపింది. మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరిగింది.

"సార్, అందరి లెక్క నీ దగ్గర ఉండె గద. గిన్నేండ్లు ఆ పుస్తకం ఎందుకు బయటికి తియ్యలే?"

ముత్తెన్న ఖాళీ గ్లాసులు ఏరుతూ చెప్పాడు:

"తియ్యకేం బిడ్డా, ప్రతి ఏడు తీసేటోణ్ణి. సంచిల పెట్టుకొని గేటు దాక పోయేటోణ్ణి. మొదటి పేజీ తెరుస్తే మా ఇల్లే. ఆరడుగులు. కట్టించింది నేనే. ఆ ర్యాంపు మీద నిలబడి మంది ఇండ్లు ఎట్ల కొలుస్త?"