మామగారి సైకిలు, మక్కల మిషను

ఆ పొద్దున అల్వాల్ మీద మబ్బు తడిసిన గోనెసంచిలా వేలాడుతోంది. ఉరమదు, కురవదు. భార్య దేవకృప కూడా అట్లాగే ఉండటం చూసి యెషయా దూరదూరంగా తిరిగాడు.

"మా నాయిన వస్తుండు. సైకిల్ తుడిచిపెట్టు," అంది ఆమె.

సైకిలుంటే కదా తుడవడానికి!

పెరటి చేలో పండిన మక్కలు ఏటా వలిచేది యెషయాయే. బొటనవేళ్లు బొబ్బలెక్కేవి. ఈ ఏడు ఆ బాధ తప్పించుకుందామని, కొట్టంలో తుప్పుపడుతున్న మామ జ్ఞానశేఖర్ సైకిలును ఊడదీశాడు. సీటూ పెడళ్లూ చెయినూ కలిపి, పళ్లున్న ఇనుప డబ్బాను తిప్పే మిషను చేశాడు. పట్టుకోవడానికి బెల్లుతో సహా హ్యాండిలు కూడా బిగించాడు. తొక్కితే గింజ ఇటు, బెండు అటు.

మామ ఆ సైకిలు మీదే ఊరూరా తిరిగి సువార్త చెప్పాడన్న సంగతి, చివరి నట్టు బిగించాక గాని గుర్తురాలేదు.

"రిపేరుకిచ్చిన," అన్నాడు యెషయా.

"యాడ?"

"మెట్టుగూడల."

"గంత దూరమా? అల్వాల్ల పంచర్లేసెటోళ్లే లేరా?"

అతను పెరట్లోకి పరుగెత్తి మిషను మీద దుప్పటి కప్పాడు. అచ్చం ముసుగేసుకుని కూర్చున్న మామలా కనబడింది. భయపడి ఇంకో దుప్పటి కప్పాడు. మామ లావెక్కాడు.

అంతలో గేటు ముందు రిక్షా ఆగింది. జ్ఞానశేఖర్ నేరుగా పెరట్లోకే వచ్చాడు. ప్రార్థనలో కళ్లు మూసుకున్నా అల్లుడినే చూస్తున్నట్టుండే మనిషి.

"అల్లుడా, సైకిలేది?"

"మెట్టుగూడల ఉంది మామా. రేపిస్తడట."

"పద, పోయి తెచ్చుకుందం."

"దుకాణం బందు."

"ఎందుకు?"

"దుకాణమాయన... పోయిండు."

"అయ్యో పాపం!" అంది దేవకృప. "పోయినోడు రేపెట్లిస్తడయ్యా? ఈయన సుత మూడో దినం లేస్తడా?"

యెషయా వెనక్కి జరగబోయి మిషనుకు తట్టుకున్నాడు. పడిపోకుండా దుప్పట్లను పట్టుకున్నాడు. లోపల బెల్లు ట్రింగుమంది.

మామ దుప్పట్లు లాగేశాడు. తన సీటు చూశాడు. తన బెల్లు చూశాడు. యెషయా కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"బిడ్డా, నువ్వు చెప్పిన మిషను గిదేనా?" అని కూతురిని అడిగాడు.

యెషయా కళ్లు తెరిచి భార్య వైపు తిరిగాడు. "చెప్పినవా?"

"నువ్వు చేసిన నాడే కబురు పంపిన," అంది దేవకృప. "నీ నోట్లకెళ్లి ఎన్ని అబద్ధాలొస్తయో సూద్దమని ఊకున్న."

అప్పటికే రిక్షావాడు మక్కకంకుల బస్తాలు దించుతున్నాడు.

"గివి మా ఇంటియి. చర్చి సంఘపోళ్లవి పొద్దుగూకేవరకు బండిల వస్తయ్," అన్నాడు మామ, చొక్కా చేతులు మడుస్తూ. "ఎక్కు. నేను కంకులేస్త."

పొద్దు వాలేవేళ ముగ్గురూ మక్కరవ్వతో వండిన గటక ముందు కూర్చున్నారు. చాపిన యెషయా కాళ్లు ఇంకా గాలిని తొక్కుతున్నాయి. ఎద్దుకు దాణా పెట్టినంత శ్రద్ధగా మామ అతని కంచంలో ఇంకో ముద్ద వేశాడు.

బయట బండి ఆగిన చప్పుడైంది.