గేదె తరఫున హోంవర్కు

ఆ ఉదయం హారతి పెట్టుకున్న పని ఒక్కటే: బడికి వెళ్ళేలోగా ఇంగ్లీషు హోంవర్కు కంఠతా పట్టడం. ఇంట్లో జరిగిన సంగతిని మరొకరి కళ్ళతో చూసి, "నేను" అంటూ చెప్పాలన్నారు మణిశంకర్ మాస్టారు. పదో తరగతికి వచ్చినా క్లాసులో నోరు తెరవని హారతి తమ గేదెను ఎంచుకుంది. నాన్న చంద్రరావు దాన్ని అమ్మేస్తున్నాడు. వద్దనే ధైర్యం ఆమెకు లేదు. గేదెలా అయితే చెప్పవచ్చు.

పెరట్లో నిలబడి ముందు తెలుగులో మొదలుపెట్టింది. "నిన్న నిడదవోలు నుంచి ఒకాయన వచ్చాడు. నన్ను అటూ ఇటూ నడిపించాడు. నోరు తెరిపించి పళ్ళు చూశాడు. బేరం కుదిరిపోయింది. నేను వెళ్ళనంటే వినేదెవరు?"

గోడ అవతల బట్టలు ఆరేస్తున్న వరలక్ష్మమ్మ చేతిలోంచి చీర జారిపోయింది. నిన్న ఆ ఇంటికి కొత్త మనిషి వచ్చాడు. వెనకాలే కాజాల పొట్లం వచ్చింది. ఇవాళ పిల్ల గొంతు వణుకుతోంది. ఇంకేముంది, పెళ్ళే! తిన్నగా మాస్టారింటికి పరుగెత్తింది.

"కోడి కూశాక తెల్లవారుతుంది. అంతమాత్రాన కోడి వల్లే తెల్లవారిందనకూడదు" అని మాస్టారు ముందురోజే పాఠం చెప్పారు. ఇప్పుడు మాత్రం, "క్లాసులో ఆ పిల్ల మాట్లాడనిది ఇందుకన్నమాట!" అంటూ బైకు తీశారు. వెనకాల సగం వీధి కదిలింది.

గేటు దగ్గర, గేదెను బేరమాడిన అప్పారావు ఇస్త్రీ చొక్కాతో వ్యాను దిగుతున్నాడు.

"నిడదవోలు నుంచి వచ్చింది మీరేనా?" అన్నారు మాస్టారు.

"అవునండి. నిన్నే చూసుకెళ్ళానండి, నచ్చింది. తోలుకుపోదామని వచ్చానండి."

"తోలుకుపోతావా! ఇంట్లో పెళ్ళాం లేదా?" అంది వరలక్ష్మమ్మ.

"ఉందండి. ఆవిడే తెమ్మంది. ఇది నాలుగోదండి."

మాస్టారి కళ్ళజోడు ముక్కు కొసకి జారింది. చంద్రరావు తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. "ఏంటండీ ఈ జనం?"

"పదో తరగతి పిల్లకి పెళ్ళేంటి చంద్రరావుగారూ?"

"పెళ్ళా? ఎవరికండీ?"

అందరూ హారతి వైపు తిరిగారు. ఆమె పావడా అంచు నలుపుతూ, "నేనంటే నేను కాదండి. గేదెండి. మీరిచ్చిన హోంవర్కేనండి" అంది.

మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "సరే, మిగతాది కూడా చెప్పమ్మా."

హారతి గేదె పక్కన నిలబడి కళ్ళు మూసుకుంది. "పాప పక్కనుండి మెడ నిమిరితే తప్ప నేను పాలు చేపను, చుక్క కూడా రాలనివ్వను. కొత్తచోట నన్నెవరు నిమురుతారు?"

అప్పారావు ఉలిక్కిపడ్డాడు. "పాప లేకపోతే చేపదా? నిన్న ఈ మాట చెప్పలేదేంటండీ! నాకొద్దండి బాబూ." వ్యాను ఖాళీగానే వెనక్కి తిరిగింది.

చంద్రరావు కూతుర్ని ఎగాదిగా చూశాడు. "ఇన్నాళ్ళకి మా గేదెకి నోరొచ్చింది" అని, పచ్చగడ్డి మోపు తెచ్చి దాని ముందు వేశాడు.

ఆ సాయంత్రం గేదె ఒక గ్లాసు పాలు ఎక్కువిచ్చింది. అదంతా ఇంగ్లీషు పాఠం మహిమేనని వరలక్ష్మమ్మ వీధంతా చాటింది, మాస్టారు కాదనలేదు.