మూడు మీటర్ల పాదయాత్ర

ఉరుముల కొండ రోడ్డు వానకు తడిస్తే కరిగిపోతుంది కాబట్టి, ఆషాఢంలో ఆ కొండకు నడిచివెళ్లే యాత్రికులు గొడుగును తమ నెత్తిన కాకుండా రోడ్డు నెత్తిన పట్టాలని నిబంధన వచ్చి అప్పటికి మూడేళ్లయింది. మొదటి ఏడు జనం కాస్త గొణిగారు. రెండో ఏడు అలవాటు పడ్డారు. మూడో ఏటికి, ఎవడైనా పొరపాటున గొడుగు తనకు పట్టుకుంటే పక్కవాడే "రోడ్డు తడుస్తాంది, కండ్లు కనపల్లేదా" అని గదమాయించేదాకా వచ్చారు. మన జనానికి మంచి అలవాటు నేర్పడానికి ఎంతో కాలం పట్టదు.

కరగడమంటే గుంటలు పడటం కాదు. గుంటలు పడే రోడ్లు వేరే శాఖ కిందికి వస్తాయి. ఇది అచ్చంగా పంచదార కరిగినట్టు కరుగుతుంది. కిందటేడు ఒక్క జడివానకు ఎనిమిది కిలోమీటర్ల రోడ్డు కరిగి, వాగులో పడి, పది ఊళ్లు దాటి పోయి ఒక చెరువులో పేరుకుంది. మా చెరువులో చేరిన రోడ్డు మాదేనని ఆ ఊరివాళ్లు కాగితం రాయించుకున్నారు. ఆ తగాదా ఇంకా నడుస్తూనే ఉంది. ఆ పూట ఆ ఎనిమిది కిలోమీటర్ల మీద నడుస్తున్న యాత్రికులు ఏమయ్యారని ఎవరూ అడగలేదు కాబట్టి ఆ సంగతి నివేదికలోకి ఎక్కలేదు.

లోపం ఎక్కడుందో రహదారి సంరక్షణ విభాగం వారు బుర్ర బద్దలు కొట్టుకుని కనిపెట్టారు. యాత్రికులు నడుస్తున్నారు. అదీ లోపం. నడిచేవాడు గొడుగును కూడా తనతో ముందుకు తీసుకుపోతాడు, వెనకనున్న రోడ్డు తడుస్తుంది. అందుకని ఈ ఏడు ఎర్రగుడిపాడు ఊరి ఆర్చీ నుంచి కొండ మెట్లదాకా ఉన్న నూటనలభైఒక్క కిలోమీటర్లను మూడేసి మీటర్ల ముక్కలుగా కోసి, నలభైఏడు వేల మంది యాత్రికులకు తలా ఒక ముక్క కేటాయించారు. ఎవరి ముక్కకు వాళ్లు గొడుగు పట్టుకుని అక్కడే ఉండాలి. పొడవు సంగతి ఇలా తేలింది. వెడల్పు గురించి వేసిన కమిటీ ఇంకా కూర్చోలేదు.

ఈ సంగతులేవీ సుంకులమ్మకు పూర్తిగా తెలియవు. ఆమె ధ్యాసంతా కాళ్ల మీదే ఉంది. రెండేళ్లపాటు నడుము కింద చచ్చుబడిపోయి మంచాన పడిన మనిషి. కర్నూలు డాక్టర్లు చేతులెత్తేశాక, ఒక సాయంత్రం ఆమె ఉరుముల కొండ నరసింహస్వామికి మొక్కుకుంది. నా కాళ్లు నాకిస్తే, ఆ కాళ్లతోనే నడిచొచ్చి తొలి ఏకాదశినాడు నీ మొదటి మెట్టు తొక్కుతానంది. మాఘంలో బొటనవేలు కదిలింది. ఉగాదికి గోడ పట్టుకుని నిలబడింది. జ్యేష్ఠం వచ్చేసరికి బిందె చంకన పెట్టుకుని కుళాయికి పోయివస్తోంది. కదలక కదలక కదిలిన కాళ్లను చూసుకుంటే ఆమెకు చంటిబిడ్డను చూసినంత మురిపెం. స్వామి తన మాట నిలబెట్టుకున్నాడు, ఇక తన మాట మిగిలి ఉందని ఆమెకు రాత్రింబవళ్లు అదే ఆరాటం.

వానకాలపు యాత్రకు ఎలా తయారుకావాలో చెప్పడానికి హైస్కూలు ఆవరణలో మూడు రోజుల శిక్షణ పెట్టారు. గొడుగును మోకాలి ఎత్తులో పట్టాలి, ఇంకా పైకి పట్టుకుంటే ఏటవాలు జల్లు రోడ్డుకు తగులుతుంది. నెత్తిన వేసుకునే గోనెసంచులు, టార్పాలిన్ పట్టాలు, ప్లాస్టిక్ కవర్లు ఇంట్లోనే వదిలి రావాలి, పక్కనున్న రోడ్డు వాటిని చూసి చిన్నబుచ్చుకుంటుంది. తడిసిన యాత్రికులు రోడ్డు మీద నీళ్లు కార్చరాదు, దూరంగా పోయి బట్టలు పిండుకుని రావాలి. చివరిరోజు ఒక ముసలాయన లేచి, మాకు జలుబు చేస్తే ఏం చేయాలని అడిగాడు. ఆరునెలల్లో తగ్గకపోతే అర్జీ పెట్టుకోవచ్చని శిక్షకుడు ఓపికగా చెప్పాడు.

సుంకులమ్మ చేసిన తప్పల్లా పెందలాడే లేవడం. రేషన్‌షాపు దగ్గరైనా ఆసుపత్రి దగ్గరైనా ముందు నిలబడ్డవాడికే ముందు దక్కుతుందని పుట్టిననాటి నుంచీ చూసినదే కదా. నమోదు రోజున కోడి కూయకముందే పోయి వరసలో పంతొమ్మిదోదిగా నిలబడింది. పంతొమ్మిదో నంబరు రాసిన రేకుబిళ్ల మెడలో వేసుకుని, స్వామికి ఇంత దగ్గర నంబరు దొరికిందని భర్త ఓబులేసుకు చూపించి పొంగిపోయింది. ఓబులేసు బడిలో అటెండరు. ఆయన బిళ్లను అటూఇటూ తిప్పి చూసి, మంచి నంబరే అన్నాడు.

యాత్ర మొదలయ్యే రోజు మామిడాకు నోట కరుచుకుని, ఇంటి గడపకు మొక్కి సుంకులమ్మ బయల్దేరింది. ఆ ఊళ్లో యాత్రకని గడప దాటిన మనిషి దర్శనం చేసుకుని వచ్చేదాకా మళ్లీ ఆ గడప తొక్కకూడదు. వీధి మలుపు తిరిగి, ఊరి ఆర్చీ కిందికి వచ్చి, సున్నపు గీతలు లెక్కపెట్టుకుంటూ యాభైనాలుగు మీటర్లు నడిచింది. అక్కడ విభాగం అసిస్టెంట్ ఇంజనీరు, ఏఈ పురుషోత్తం గారు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"పంతొమ్మిదా? ఇదేనమ్మా మీ ముక్క. గొడుగు తెరవండి."

"ఇదెట్ల నాదైతాది సార్? నేను కొండకు పోవల్ల."

"కొండ దగ్గరి ముక్కలు నలభై ఆరువేల తొమ్మిదివందల నుంచి మొదలవుతాయి. మీరు తొందరపడి ముందొచ్చారు. కాస్త నిదానంగా వచ్చుంటే కొండకే పోయుండేవారు."

సుంకులమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఆర్చీ కమ్మీల సందులోంచి తన ఇంటి అరుగు, అరుగు మీద ఆరేసిన తన చీర కనిపించాయి. మళ్లీ ముందుకు చూసింది. ఇరవయ్యో ముక్కలో, బస్సు కండక్టరుగా చేసి రిటైరైన కంబగిరి మోకాలి ఎత్తున గొడుగు పట్టుకుని వంగి ఉన్నాడు. ఆమె ఏఈ గారి కళ్లుగప్పి గీత దాటి ఒక కాలు ముందుకు వేసింది.

"అక్కా, నా ముక్కలోకి రావద్దక్కా," అన్నాడు కంబగిరి తల ఎత్తకుండానే. "నువ్వు తొక్కితే నాకు నోటీసొస్తాది. నాదీ మొక్కే. మా మనవరాలికి చెవుడు."

"నాదీ మొక్కే గదన్నా. నన్ను దాటిపోనీ చాలు."

"నన్ను దాటినాంక ఇరవైఒకటో ముక్కాయన పోనిస్తాడా? ఆయన కొడుకు జైల్లో ఉండాడు. ఆ తర్వాతామెకు గర్భసంచిలో గడ్డ. అందరూ మొక్కుకునే గదా వచ్చింటారు."

సుంకులమ్మ కాలు వెనక్కి తీసుకుంది. వాన మొదలైంది. ఆమె గొడుగు తెరిచి రోడ్డుకు పట్టి, తాను తడుస్తూ ఏడ్చింది. కన్నీళ్లు రోడ్డు మీద పడకుండా మొహం పక్కకు తిప్పుకోమని ఏఈ గారు మర్యాదగానే చెప్పాడు. ఆయన మరీ కసాయివాడేం కాదు. మధ్యాహ్నం టిఫిను డబ్బా మూసి, తన దగ్గరున్న నిబంధనల పుస్తకం తిరగేసి, ఆమెకో దారి చూపించాడు.

"మీ మొక్కు నడుస్తానని కదా. ఈ పుస్తకంలో యాత్రికుడు నూటనలభైఒక్క కిలోమీటర్లు నడవాలని ఉంది. ఎక్కడ నడవాలో లేదు. మీ మూడు మీటర్లలో ఈ చివర నుంచి ఆ చివరకు నలభైఏడు వేలసార్లు తిరగండి. దూరం పూర్తయితే చేరినట్టే. నేను సంతకం పెడతాను."

"దీనికి స్వామి ఒప్పుకుంటాడా సార్?"

"దేవస్థానం నుంచి నిరభ్యంతర పత్రం వచ్చింది."

"అందులో స్వామి సంతకం ఉండాదా?"

"స్వామి తరఫున అధికారి చేశారు. స్వామి సంతకం చేసుంటే చెల్లేది కాదు."

వేరే దారి లేక సుంకులమ్మ నడవసాగింది. ఎనిమిది చిన్న అడుగులు అటు, ఎనిమిది ఇటు. నడిచినచోటికి గొడుగు కూడా వస్తుంది కాబట్టి ముక్కంతా తడవకుండా ఉంటుందని, ఈ పద్ధతి రోడ్డుకు కూడా మేలేనని ఏఈ గారు సంబరపడి పైకి ఒక లేఖ రాశాడు. మర్నాటికల్లా అదే ఉత్తర్వుగా అన్ని ముక్కలకూ వచ్చేసింది. నూటనలభైఒక్క కిలోమీటర్ల పొడవునా నలభైఏడు వేల మంది నడుం వంచి, గొడుగు పట్టుకుని, ఎవరి మూడు మీటర్లలో వాళ్లు అటూఇటూ తిరగడం మొదలుపెట్టారు. అందరూ నడుస్తూనే ఉన్నారు, ఒక్కరూ కదల్లేదు. ఆ దృశ్యాన్ని పైనుంచి ఫొటో తీసి విభాగం వారు క్యాలెండరు వేయించుకున్నారు.

కంబగిరికి పాత అలవాటు పోలేదు. జేబులో టికెట్లకు చిల్లులు పొడిచే పటకారు ఉంచుకుని తిరుగుతాడు. సుంకులమ్మ వందసార్లు తిరగగానే "వంద" అని కేకేస్తుంది, ఆయన తనకొకటి, ఆమెకొకటి అట్టముక్కకు చిల్లు పొడుస్తాడు. పనివేళ పొద్దున పదింటినుంచి సాయంత్రం అయిదున్నరదాకా. ఆ తర్వాత కురిసే వాన విభాగం పరిధిలోకి రాదు కాబట్టి దానికి రోడ్డు కరగదు. అప్పుడు యాత్రికులు గొడుగులు ముడిచి, రోడ్డు పక్క మూసేసిన సిమెంటు దుకాణం వసారాలో పడుకుంటారు. సుంకులమ్మ కాళ్లు వాచి, అరికాళ్లు తడికి తెల్లబడి పగిలాయి. పడుకుని కాళ్లను ఒళ్లోకి తీసుకుని ఒత్తుకుంటూ, ఇంకొక్క నాలుగు రోజులు ఓర్చుకోండమ్మా అని వాటిని బతిమాలుకునేది. ఓబులేసు రోజూ సంగటి ముద్ద తెచ్చి ఇచ్చి, ఇంట్లో అంతా బాగుందని పొరుగూరి నుంచి వచ్చినవాడిలా చెప్పి పోయేవాడు.

అయిదో రోజున ఒక్కసారి ఆమె మనసు తిరగబడింది. గొడుగు ముడిచి చంకన పెట్టుకుని, పొలాలకు అడ్డంపడి పోతానని రోడ్డు దిగింది. పక్క బురదలో నాలుగడుగులు వేసేసరికి వెనకనుంచి కంబగిరి పిలిచాడు. ఆమె ముక్క మీద వాన పడుతోంది. తారు కరిగి నల్లగా కారి, ఆయన ముక్క వైపు పోతోంది. ఆయన గొడుగును రెండు ముక్కలకూ చాపాలని ఒంటికాలి మీద నిలబడి అవస్థ పడుతున్నాడు. "నా లెక్క సగమై ఉండాది, పోనీలే అక్కా, నువ్వు పో," అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే ఆమె పోయేదేమో. తిట్టుకుంటూ వెనక్కి వచ్చి గొడుగు తెరిచింది.

ఏకాదశి పొద్దున నలభైఏడు వేల మంది తరఫున దర్శనం చేసుకునే బరువు విభాగం సలహాదారుగారి భుజాన పడింది. ఆయన కారు వస్తుందని చెప్పి అందరినీ రోడ్డు దిగమన్నారు. యాత్రికులు పక్క బురదలో మోకాళ్లదాకా దిగి, చేతులు చాపి గొడుగులు మాత్రం రోడ్డు మీదికి పట్టారు. ఆషాఢమాసపు కుంభవృష్టిలో ఆ ఒక్క రోడ్డు పెళ్లిపందిరి కింద నేలలా పొడిగా ఉంది. కారు సుంకులమ్మ ముక్కను రెప్పపాటులో దాటింది. వెనక సీటులోని ఆయన భార్య, ఎంత భక్తి అనుకుంటూ కాబోలు, వీళ్ల వైపు చూసి చేతులు జోడించింది. సుంకులమ్మ కూడా జోడించబోయి, గొడుగు గుర్తొచ్చి ఆగిపోయింది.

ఆ సాయంత్రం అయిదుంబావుకు ఆమె నలభైఏడు వేలు పూర్తయ్యాయి. ఏఈ గారు అట్టముక్క మీది చిల్లులు లెక్కచూసి, ఆమె ముక్క చివరనున్న సున్నపు గీతను బూటుతో చూపించాడు. "ఇదే మొదటి మెట్టు. తొక్కండి."

ఆమె తొక్కింది. అక్కడ స్వామి లేడు, మెట్టు లేదు, పచ్చకర్పూరం వాసన లేదు. గీతకు అవతల వంగిన నడుముతో కంబగిరి ఉన్నాడు. ఆయన ఆమె కాళ్లకేసి చూసి కళ్లు తుడుచుకుని, "దర్శనమైందా అక్కా?" అని అడిగాడు.

"బాగైంది అన్నా," అంది సుంకులమ్మ. ఇన్నేళ్లుగా కొండ నుంచి వచ్చినవాళ్లంతా ఆ మాటే అనేవారు. అంతకంటే వేరేగా ఏమనాలో ఆమెకు తెలియదు. ఏఈ గారు, చేరినట్టు రాసి సంతకం పెట్టిన కాగితం చేతికిచ్చాడు. నిజంగానే ఆమె గుండెలో బరువు కొంచెం దిగింది. అందుకు ఆమెకు సిగ్గేసింది కూడా.

ఓబులేసు ఆమెను తీసుకుపోవడానికి వచ్చాడు. సుంకులమ్మ ఇంటివైపు బయల్దేరింది. ఎనిమిది చిన్న అడుగులు వేసేసరికి ఆమె కాళ్లు వాటంతటవే వెనక్కి తిరిగాయి. మళ్లీ ఎనిమిది వేసి మళ్లీ తిరిగాయి. ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మామా, నా కాళ్లు సూడు. ముందుకు పోవడంలేదు."

ఓబులేసు కంగారు పడలేదు. ఆయన కూడా ఆమె పక్కనే ఎనిమిది అడుగులు వేసి వెనక్కి తిరిగాడు, మళ్లీ వేసి తిరిగాడు.

"నాకు ముప్పైయేళ్లుగా ఇట్లనే గదా," అన్నాడు. "హెడ్మాస్టరు గది నుంచి గంటదాకా, గంట నుంచి గదిదాకా. నువ్వు ముందు ఇంటిపనిలో ఉంటివి, ఆనక మంచంలో ఉంటివి, గమనించలే."

సుంకులమ్మ వీధిలోకి చూసింది. టీ దుకాణమాయన, కుట్టుమిషను దగ్గరి ఇద్దరు, బ్యాంకు నుంచి వస్తున్న గుమాస్తా, కూరగాయల బండామె, అందరూ నిదానంగా నడుస్తున్నారు. అందరూ కొంతదూరం పోయి వెనక్కి తిరుగుతున్నారు. వాళ్లు ఎన్నాళ్లుగా అలా ఉన్నారో ఆమెకు తెలియలేదు.

"మరి రోజూ ఇంటికెట్ల చేరుతాండావు?" అని అడిగింది.

"చేరినట్టు ఎవరో ఒకరు రాస్తారు లే."

వాన మళ్లీ మొదలైంది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఆ రాసేవాడు ఎప్పుడొస్తాడా అని చూస్తూ, అటూఇటూ నడుస్తున్నారు.